ఖాళీగా తిరిగొచ్చిన డబ్బా

"మీ పరుగులక్క పోనాదంట గదమ్మా, తెలీదేటి?" అన్నాడు మా ఆఫీసు ప్యూను అప్పారావు, సంతకాల ఫైలు నా బల్ల మీద పెడుతూ. "నిన్న పొద్దున్న. తానం సేసి బయటికొస్తా గుమ్మంలోనే కూలబడిపోనాదంట. గుండె ఆగిపోనాదని సెప్పినారంట."

ముప్పై రెండేళ్ళ మనిషి. అలాంటి కబురు వింటే ఎవరైనా "అయ్యో" అంటారు. లేకపోతే "ఎలా?" అంటారు. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "ఇన్నాళ్ళు ఆగిందా?" అని. అప్పారావు నా మొహంకేసి వింతగా చూసి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నది నేనేనని అప్పుడు అర్థమైంది. అంటే ఇది నాకు తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నానన్నమాట.

ఆమె పేరు రాయను. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో ఆ పేరు చెబితే క్వార్టరు నంబరుతో సహా గుర్తుపట్టేస్తారు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మాకు రెండిళ్ళ అవతల ఉండేవాళ్ళు. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, నాన్న వర్క్‌షాపులో బాయిలర్ల పని. వాళ్ళు కోస్తా క్రైస్తవులు, తాతల నాడే వచ్చి ఇక్కడివాళ్ళయిపోయారు. వాళ్ళ నాన్న రైల్వే గార్డు. ఆమె ఒక్కతే కూతురు. నాకంటే ఐదేళ్ళు పెద్ద. నాకు ఆమె అక్క, ఆమెకి నేను "పిల్లా".

అక్క అనుకోగానే నాకు ముందు ఆమె వేళ్ళు కనిపిస్తాయి. కుడిచేతి బొటనవేలూ మధ్యవేలూ కలిపి ఎడమ మణికట్టుకి కడియంలా తొడిగేది. అక్కణ్ణుంచి మెల్లగా పైకి జరిపేది. వేళ్ళు విడిపోకుండా ఎంత పైకి వెళితే ఆ రోజు అంత హుషారు. మాట్లాడుతూ చేసేది, నవ్వుతూ చేసేది, చర్చిలో పాట పాడుతూ కూడా చేసేది. మోచేతి దాకా వచ్చిన రోజున నా జడ పట్టుకుని లాగి, "సూసినావా?" అంది. నాకు చూడ్డానికి ఏముందో తెలియక "బాగుంది" అన్నాను.

మార్చి ఎండలో కూడా స్వెట్టరు వేసుకునేది. చలి, చలి అనేది. సల్వారు కింద ఇంకో సల్వారు. చంటిపిల్లల వీపు మీద ఉంటుందే, అలాంటి లేత నూగు ఆమె చేతుల మీద ఉండేది. అదేమిటక్కా అంటే, "పరిగెత్తితే వస్తాదిలే" అంది. నా చేతులకి ఎప్పుడొస్తుందా అని నేను ఆరు నెలలు ఎదురుచూశాను. అంత తెలివి నాది.

మైదానంలో మాకు పరుగు నేర్పేది ఒక బెంగాలీ ఆయన. అందరం దాదా అనేవాళ్ళం. శనివారం శనివారం మమ్మల్ని కాటా ఎక్కించి బరువులు అందరికీ వినబడేలా చదివేవాడు. "ఏక్ కిలో కమ్, దస్ సెకండ్ కమ్" అన్నది ఆయన సూత్రం. కిలో తగ్గితే పది సెకన్లు తగ్గుతాయని. చెడ్డవాడు కాదు. తన కాలంలో తనకెవరో చెప్పింది మాకు చెప్పాడు. అసలు ఘోరమేమిటంటే, మొదటి ఏడాది ఆయన మాట నిజమైంది. అక్క నాలుగు కిలోలు తగ్గింది, మూడు వేల మీటర్ల పరుగులో ఆమె వెనక మేము కనపడకుండా పోయాం. దాదా ఆమెని మా ముందు నిలబెట్టి, "దేఖో, ఇసే కహతే హై రన్నర్" అన్నాడు, చూడండి, రన్నరంటే ఇదీ అని. చప్పట్లు కొట్టాం. ఇక చాలు, తగ్గడం ఆపు అని మాత్రం ఆ తరవాత ఎవరూ చెప్పలేదు.

"కడుపు కాళ్ళకి బరువే పిల్లా" అనేది. ఒకసారి మా నాన్న ఆ మాట విన్నాడు. ఆయన ఆవిరి ఇంజన్ల మనిషి. "బొగ్గెయ్యకుండా ఇంజను ఎంత దూరం ఎల్తాదమ్మా?" అన్నాడు. "డీజిల్ వొచ్చీసినాది గదా బాబాయ్!" అని నవ్వేసింది. మాటకి మాట ఎప్పుడూ ఆమె నాలిక చివరే ఉండేది. మా నాన్న కూడా నవ్వేశాడు.

దాదా కాటా వారానికోసారే కదా. ఆమెకి అది చాలేది కాదు. స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద రంగు దీపాలు తిరిగే బరువు మిషను ఉండేది. నిలబడితే టకటకమని అట్టముక్క పడుతుంది, ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. వాళ్ళ నాన్న పేరు చెప్పి గేటు దాటి రోజూ వెళ్ళేది. నేను జాతకం చదివేదాన్ని, ఆమె బరువు చదివేది. ఒకనాడు కిలో ఎక్కువ చూపించింది. మిషనుకి పిచ్చి అని నేనంటున్నాను, ఆమె వింటే కదా. చెప్పులు విప్పి నా చేతికిచ్చి, ఆ ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొసకి పరుగు. మా ప్లాట్‌ఫాం ఎంత పొడవో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కూలీలు "క్యా దీదీ, గాడీ ఛూట్ గయా?" అని కేకలు, రైలు తప్పిపోయిందా అని. వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ మిషను ఎక్కింది. అట్టముక్క చూసి, అప్పుడు నా వైపు తిరిగి మామూలు మనిషిలా "పద పోదాం" అంది. చెప్పులు పట్టుకుని నిలబడ్డ నాకు ఆ రోజే మొదటిసారి భయమేసింది.

ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారని అడుగుతారు. అక్కడికే వస్తున్నాను. మా లైనులో దేవుళ్ళందరూ ఉండేవారు. సోమవారం పక్కింటి బెంగాలీ మాసీమా శివుడికి ఉపవాసం. మంగళవారం బీహారీ భాభీ హనుమంతుడికి. శనివారం మా అమ్మ వెంకన్నబాబుకి ఒంటిపూట. శుక్రవారం వాళ్ళ చర్చి ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. అక్క అందరితోనూ ఉపవాసం ఉండేది. "మాసీమా ఒక్కర్తీ ఉంటాది, తోడుంటాను" అనేది. క్రైస్తవుల పిల్ల మన స్వామికి కూడా ఉంటోందని మా అమ్మ మురిసిపోయి, "నువ్వూ ఉన్నావు ఎందుకు, తిండిపోతా" అని నన్ను దులిపేది. ఈస్టరు ముందు నలభై రోజులొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. పాస్టరుగారు ఆమెని సంఘంలో లేపి నిలబెట్టి, ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి ఎక్కడుందని మెచ్చుకున్నారట. వాళ్ళమ్మ ఆ మాట మూడు వారాలు చెప్పుకు తిరిగింది.

మా క్వార్టర్లలో ఒక మర్యాద ఉంది. ఉపవాసం ఉన్న మనిషిని తినమని బలవంతపెట్టకూడదు, ఏ దేవుడి ఉపవాసమైనా సరే. పాపం తగులుతుంది. గోడకి గోడ ఆనుకుని నాలుగు భాషలవాళ్ళం గొడవ లేకుండా బతకడానికి అలవాటు చేసుకున్న మంచి మర్యాద అది. ఆ మంచి మర్యాదే ఆమె ప్రాణం మీదికొచ్చింది. ఎవరి రోజు వాళ్ళకి తెలుసు. వారం మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

వాళ్ళమ్మకి, నేను పిన్నీ అని పిలిచే ఆవిడకి, శుక్రవారం ఒక్కటే తెలుసు. పరాయి దేవుళ్ళ ఉపవాసాలంటే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. రాత్రికి పరుగెత్తేవాళ్ళు తేలిగ్గా తినాలని దాదా చెప్పాడని, గుప్పెడు ముడీ, అంటే మన మరమరాలు, తిని పాలు లేని టీ తాగి పడుకునేది అక్క. అందుకని ఆవిడ తన ప్రేమంతా పొద్దున డబ్బాలో పెట్టేది. తెల్లవారుజామునే లేచి వండి, మూడు గిన్నెల డబ్బా కట్టి, పరుగయ్యాక మైదానంలోనే తిని అటునుంచి అటే టైపు క్లాసుకి పొమ్మని ఇచ్చేది.

ఆ డబ్బా నేను తిన్నాను.

ఒకరోజు కాదు, వారం కాదు. రెండేళ్ళు తిన్నాను. మా ఇంట్లో ఐదుగురు పిల్లలం. పొద్దున చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని వచ్చి పది కిలోమీటర్లు పరిగెత్తే పదహారేళ్ళ పిల్ల ముందు వేడన్నం, కూర, అప్పడం పెడితే ఏం చేస్తుంది? మొదటి రోజు "నాకు ఆకలి లేదు, నువ్వు తినీ" అంది. రెండో రోజు అడగకుండానే గిన్నె విప్పి నా ముందు పెట్టింది. మైదానం మెట్ల మీద నా పక్కనే కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, నేను తింటుంటే చూసేది. "మెల్లగా తిను. నములు. పులుసెలాగున్నాది? ఉప్పు సరిపోనాదా? ఆవ ఘాటు తెలుస్తన్నాదా?" అన్నీ అడిగేది. నేను నోటినిండా పెట్టుకుని చెప్పేదాన్ని. ఆమె ఆ మాటలు ఇంటికి తీసుకెళ్ళి "అమ్మా, ఇయ్యాల ఉప్పు తగ్గినాది" అని వాళ్ళమ్మకి అప్పజెప్పేది. కూతురు ప్రతి ముద్దా రుచి చూసి తింటోందని ఆ తల్లి అనుకోక ఏం చేస్తుంది!

ఒక రోజు నా చేతిలోంచి ఒక మెతుకు మెట్టు మీద పడింది. అక్క దాన్ని రెండు వేళ్ళతో తీసింది. పారేస్తుందనుకున్నాను. నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తరవాత లేచి, పరుగు అప్పటికే అయిపోయినా, బూట్లు మళ్ళీ కట్టుకుని నాలుగు చుట్లు కొట్టి వచ్చింది. ఒక్క మెతుక్కి నాలుగు చుట్లు. నేను డబ్బా మూత పెట్టడం కూడా మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను.

"అక్కా, పిన్నికి చెప్తాను" అన్నాను ఆ రోజు.

"సెప్పు. ఈ రెండేళ్ళూ ఎవరు తిన్నారో అది కూడా సెప్పు" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే అంది. అంతలోనే నా చెయ్యి పట్టుకుని, "ట్రయల్స్ అయ్యేదాకా ఆగు పిల్లా. ఉద్యోగం వొచ్చీసినాక నాను తిననా? నీ మీదొట్టు, తింటాను" అంది. ఆ చెయ్యి మంచులా ఉంది. నెలనెలా బయట చేరడం మూడేళ్ళుగా లేదని కూడా ఆ రోజే చెప్పింది. పీడ వదిలింది, అసలైన రన్నర్లకి అలాగే ఉంటుంది అని గొప్పగా చెప్పింది. నేను నమ్మాను. నమ్మడం నాకూ లాభంగానే ఉంది కదా.

రైల్వేలో ఆటల కోటా కింద ఆడపిల్లలకి ఒకే ఒక్క ఉద్యోగం. మూడు వేల మీటర్లు, ఏడున్నర చుట్లు. అక్కకి ఇరవై మూడు, నాకు పద్దెనిమిది. పోటీలో ఇద్దరం ఉన్నాం. ఐదో చుట్టులో ఆమె నాకు పది అడుగులు ముందుంది. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. పరిగెత్తుతున్న మనిషి పీట మీద కూర్చున్నట్టు కూర్చుండిపోయింది, అంతే. నేను పక్కనుంచి వెళుతుంటే "ఆగకు పిల్లా!" అని అరిచింది. ఆగమని అరిచినా ఆగేదాన్ని కానేమో. గెలిచాను. గెలిచి, అదే చెమటతో, ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళిన వ్యాను ఎక్కాను.

ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకి పట్టుకుని డాక్టరుగారు ముఖం చిట్లించారు. "యే కిస్‌కా హై?" అని కాంపౌండరుని కేకేశారు. ఫిల్ము మారిపోయిందని, ఇది ఏ డెబ్భై ఏళ్ళ ముసలావిడదో అని, సరైనది తెమ్మని వెనక్కి పంపేశారు. కాంపౌండరు వెళ్ళి, అదే ఫిల్ము పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఇవాళ పొద్దుటి నుంచి ఇంకే ఆడమనిషికీ కాలు ఫిల్ము తియ్యలేదన్నాడు. డాక్టరుగారు మంచం మీద ఉన్న ఇరవై మూడేళ్ళ పిల్లని చూశారు. ఫిల్ముని చూశారు. మళ్ళీ ఆమెని చూశారు. తొడ ఎముక తుంటి దగ్గర చిట్లిందట. చిట్లి చాలా రోజులైందట. ఆ ఎముకతోనే ఆమె రోజూ నా పక్కన పరిగెత్తింది.

"ఈ అమ్మాయి అన్నం తింటుందా?" అని డాక్టరుగారు బెంగాలీలో అడిగారు.

కబురు విని వచ్చిన వాళ్ళమ్మకి రోషం వచ్చింది. "ఖాయ్ తో డాక్టర్‌బాబు! రోజ్ డబ్బా ఖాలీ కొరే ఆనే!" అంది. రోజూ డబ్బా ఖాళీ చేసి తెస్తుందని. అని, నా భుజం పట్టుకుని ముందుకి తోసింది. "ఇదీ అదీ కలిసే తింటారు. సెప్పవే, తింటాదా లేదా?"

డాక్టరుగారు నా వైపు తిరిగారు. అక్క తలగడ మీంచి నన్ను చూసింది. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. నేనేం చెబుతానో చూద్దామన్నట్టు ఉంది. ఆ కళ్ళు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. చెప్పెయ్యమనే చూసిందేమో అని ఇప్పుడనిపిస్తుంది. చెప్పి ఉంటే ఆ డాక్టరు ఊరుకునే మనిషిలా లేరు. ఒక్క మాట. నా నోట్లో ఉంది.

"తింటాది" అన్నాను.

ఆయన కాల్షియం బిళ్ళలు, రోజూ గ్లాసు పాలు అని చీటీ రాసిచ్చారు.

తరవాత సంగతి పెద్దగా లేదు. ఆమె మళ్ళీ పరిగెత్తలేదు. ఎడమ కాలు ఈడ్చి నడిచేది. వాళ్ళ నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి తాల్‌బగీచాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. చంటిపిల్లల బడిలో టీచరుగా చేరింది. నా ఉద్యోగం, నా పెళ్ళి, నా పిల్లాడు. ఏడాదికొకసారి క్రిస్మస్‌కి వెళ్ళేదాన్ని. ఎవరొచ్చినా కేకు కోసి పెట్టేది, అరిసెలు పెట్టేది, రుచెలా ఉందని గుచ్చి గుచ్చి అడిగేది. ఆమె నోరు కదలడం నేను చూడలేదు. ఉద్యోగం రాలేదు కదా, ఒట్టు కూడా చెల్లదనుకుందేమో. ఒకసారి నా కాళ్ళకేసి చూస్తూ, "ఇయి మా అమ్మ వొండిన కాళ్ళే పిల్లా" అంది. వాళ్ళ నాన్న అదేదో వేళాకోళం అనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను. ఆ తరవాత క్రిస్మస్‌కి వెళ్ళడం మానేశాను.

అప్పారావు చెప్పిన రోజు సాయంత్రమే తాల్‌బగీచా వెళ్ళాను. సమాధి కార్యక్రమం మధ్యాహ్నమే అయిపోయింది. వాళ్ళమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎల్లుండి ఆదరణ కూడిక. అందరికీ బోయినాలెట్టాల. దానికిష్టమైన కూరొకటి సేద్దామని ఆలోసిస్తన్నాను" అంది. "సిన్నప్పుడు పప్పుచారు అడిగీది. పెద్దయినాక ఏటిష్టమే అంటే, ఏదైనా పర్లేదమ్మా అనీది. కన్నతల్లిని, నాకు తెలీదు సూడు. నువ్వయితే దాంతో కూకుని తిన్నావు. దానికేటిష్టమో నువ్వే సెప్పాల."

ఈసారి డాక్టరు లేడు. తలగడ మీంచి చూసే కళ్ళు లేవు. ఒట్టు పెట్టించుకున్న మనిషే లేదు. చెప్పడానికి అడ్డేమిటి? "పిన్నీ, అక్క తినలేదు, నేను తిన్నాను" అనాలి. ఆరు మాటలు కూడా లేవు. ఆవిడ నా మొహంలోకి ఎంత ఆశగా చూస్తోందంటే, కూతురి గురించి ఇంకొక్క కొత్త సంగతి దొరుకుతుందని చూస్తోంది. ఆమె ఇష్టం ఏమిటో నాకు తెలియదు. వాళ్ళమ్మ వంటలో నాకు ఏది ఇష్టమో అది తెలుసు.

"ఎండ్రొయ్యలు, వంకాయ" అన్నాను.

ఆవిడ మొహం ఒక్కసారి వెలిగిపోయింది. "అవునే తల్లీ! ఆ కూరెట్టిన రోజు డబ్బా కడిగీసినట్టొచ్చీది. గిన్నె అంచుక్కూడా ఉండీది కాదు. నానే మర్సిపోనాను!" అని నన్ను కావిలించుకుని, అప్పుడు ఏడ్చింది.

రెండు రోజుల తరవాత కూడికలో ప్రార్థన అయ్యాక వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. ఆవిడ ఆ కూర గిన్నె తనే పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చింది. "దీనికి తెలుసు నా పిల్లకేటిష్టమో" అని వరసలో అందరికీ చెప్పి వడ్డించింది. ఎదురుగా నిలబడి, నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేదాకా కదల్లేదు.

కూర బాగుంది. ఎప్పటిలాగే చాలా బాగుంది. ఆవిడ ఇంకో గరిటె వేస్తానంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టలేకపోయాను.